సోడా నీళ్లకు తేలిన ఎరుపు

మొదట నేను ఉన్నినే అనుమానించాను. పాప కడుపులో ఉండగా కోదాడలో మా పుట్టింట్లో కూర్చుని అల్లిన కుల్లాయి, పుట్టిన కొత్తలో చెవుల మీదికి జారిపోయేది. చూస్తుండగానే నుదుటి మీద గీత పడేంత బిగుతైంది. ఉతికితే ముడుచుకుపోయిందనుకున్నాను. కానీ అదే ఉండలో మిగిలిన ఉన్నితో అల్లి పక్కింటి పిల్లవాడికిచ్చిన కుల్లాయి, ఎన్నిసార్లు ఉతికినా వాడి తల మీద వదులుగానే ఉంది. అప్పుడు పాప తల కొలవడానికి దర్జీని అడిగి తెచ్చిన టేపును అనుమానించాను. టేపు తరవాత నా చేతిని.

సూర్యాపేటలో అత్తవారింటికి వచ్చాక అనుమానం మనుషుల మీదికి మళ్లింది. పాపను చూడవచ్చిన వాళ్లందరూ తల పెద్దదిగా ఉంది, తెలివైన పిల్లవుతుంది అనేవారు. అలా అన్నవాళ్లు మళ్లీ పాప ముఖంలోకి చూసేవారు కాదు. పాప నల్లగుడ్లు కిందికి దిగిపోతున్నాయి, వాటిపైన తెల్లని అంచు కనిపిస్తోంది. మాడు ఏడవనప్పుడు కూడా ఉబ్బి, వేలికి బిగువుగా తగులుతోంది. మా ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా. నేను కాలేజీలో చదివినందుకు పుస్తకాల్లోని రోగాలన్నీ పిల్లకి అంటగడుతున్నానని విసుక్కునేవారు. మా అత్తగారు నా చేతిలో టేపు కనిపిస్తే చాలు, పాపను ఎత్తుకుని పక్క గదిలోకి వెళ్లిపోయేది. పిల్లల్ని కొలవకూడదని ఆవిడ నమ్మకం.

చివరికి నా పోరు పడలేక మా ఆయన, అత్తగారు కూడా వెంటరాగా మిర్యాలగూడ ప్రయాణమయ్యాం. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ అక్కడ చిన్న దవాఖాన నడుపుతోందని, మద్రాసులో చదివిందని విన్నాం. పోలీసు చర్య పేరుతో మిలిటరీ వచ్చిన మరుసటి ఏడాది అది. ఎవరినీ ఎవరూ నమ్మడం లేదు. దారిలో బస్సు ఆపి మూటలన్నీ విప్పించారు. పాప గుడ్డలు ఒక్కొక్కటే దులిపి చూశారు. ఒక సిపాయి పాప తలకు చుట్టిన గుడ్డ కూడా తీయమని సైగ చేశాడు. తీశాను. అతను చూసి, ఆ గుడ్డ తనే మళ్లీ కప్పి పక్కకు తప్పుకున్నాడు. మా ఇంట్లో ఎవరూ చెప్పనిది నాకు అతని ముఖంలో కనిపించింది.

డాక్టరమ్మ చాలాసేపు పాపను పరీక్షించి, కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. మెదడు లోపల ఖాళీలుంటాయి. వాటిలో నీరు పగలూ రాత్రీ ఊరుతూనే ఉంటుంది. మెదడు చుట్టూ, వెన్ను పొడవునా తిరిగి, రక్తంలోకి ఇంకిపోతుంది. ఊరినదంతా ఇంకితే బాధ లేదు. పాప తలలో ఊట ఎక్కువైందో, ఇంకే దారి మూసుకుందో తెలియాలి.

"ఎంత ఊరుతోందో కొలిచే సాధనం నా దగ్గర లేదమ్మా" అంది. "ఎంత ఇంకుతోందో మాత్రం కొలవగలను."

మాడు అంచున సూదితో కొంచెం నీరు తీసి, దాని బదులు అంతే రంగుమందు ఎక్కిస్తారట. దారి తెరిచి ఉంటే ఆ రంగు రక్తంలో కలిసి మూత్రంలో దిగుతుంది. మామూలుగా కంటికి ఆనదు, చాకలి సోడా కలిపిన నీళ్లు వేస్తే ఎర్రగా తేలుతుంది. త్వరగా తేలితే భయం లేదు. తేలకపోతే మద్రాసు వెళ్లి తలకు ఆపరేషన్ చేయించాలి. ఆ ఆపరేషన్ తరవాత బతికిన పిల్లలు తక్కువని ఆవిడ దాచకుండా చెప్పింది. దాచనందుకూ ఆవిడను అనుమానించాను. మద్రాసులో తనకు తెలిసిన డాక్టరెవరో ఉండి, నన్ను భయపెట్టి పంపుతోందేమో అనుకున్నాను.

సూది గుచ్చేటప్పుడు నేను చూడలేక వరండాలో నిలబడ్డాను. పాప ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లాక అత్తగారు పొత్తిగుడ్డల మీద పడుకోబెట్టింది. నర్సమ్మ మొదటి తడిగుడ్డ మీద సోడా నీళ్లు చిలకరించిందో లేదో, ఎరుపు వచ్చేసింది. ఆ మాట వినగానే పక్క గదిలో కాన్పు చూస్తున్న డాక్టరమ్మ, అంత త్వరగా వస్తే ఇక దిగులు లేదు, పాపకు పాలివ్వమని లోపలి నుంచే చెప్పింది. అత్తగారు చేతులు జోడించింది. మా ఆయన టీ తేవడానికి పరుగెత్తారు. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే గుడ్డను చూశాను.

ఎరుపు తడి మధ్యలో లేదు. రెండు పక్కలా, తొడలు ఒరుసుకున్న చోట మాత్రమే ఉంది. అది నాకు తెలిసిన ఎరుపు. దిష్టి తీయడానికి పసుపులో సున్నం కలిపితే పళ్లెంలో వచ్చే ఎరుపు.

పొద్దున పాపకు పసుపు రాశారా అని అత్తగారిని అడిగాను.

"సూది గుచ్చుతరంటే పసుపు రాయకుంట ఎట్ల తెస్తరే? తొడలకు, సంకలకు జర రాసిన. రాస్తే ఏమైతది?"

నేను మెడలోని పసుపుతాడు కొస తడిపి, ఉతికిన గుడ్డకు అద్ది, దాని మీద ఒక చుక్క సోడా నీళ్లు వేయమని నర్సమ్మను అడిగాను. ఆమె అత్తగారి వైపు చూసి, తటపటాయించి, వేసింది. అదే ఎరుపు.

"పుస్తెల తాడుకు దవాఖాన మందు అంటిస్తున్నవా? నా కొడుకు బయటనే ఉన్నడు" అంది అత్తగారు. తరవాత గొంతు తగ్గించింది. "మంచిగ వచ్చిందన్నరు గద బిడ్డా. గా మాట ఉంచుకోరాదే? మళ్ల పిల్ల నెత్తిల సూది గుచ్చిపిస్తవా?"

రెండు గుడ్డలూ తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ వాటిని వెలుగులో చాలాసేపు చూసింది. రంగు ఎప్పుడు మొదలైందో, ఎంత దిగిందో రెండూ తెలియాలి, పసుపు ఎరుపును నమ్మి మధ్యలో వదిలేసిన కొలత పనికిరాదు, సూది పోటు మానాక మళ్లీ చేయాలి అంది. ఆవిడ కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

రెండోసారి పాపకు నేనే నీళ్లు పోశాను. తానులోంచి కొత్తగా చింపిన తెల్లని గ్లాస్గో నూలుగుడ్డ తెచ్చి, ముందు ఒట్టి నీళ్లతో తడిపిన గుడ్డ మీద సోడా నీళ్లు వేయించి చూశాను. రంగు రాలేదు. అత్తగారు గదిలోనే ఉంది, కానీ చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, పాప ఏడ్చినా ముట్టుకోకుండా గోడవారగా కూర్చుంది. ఆవిడ మీద ఆ ఒక్కరోజు నాకు ఏ అనుమానమూ కలగలేదు.

మొదటి గుడ్డ తెల్లగానే ఉంది. రెండోదీ అంతే. సోడా నీళ్లు పాడయ్యాయేమో, రంగుమందు పాతదేమో అని అడిగాను. డాక్టరమ్మ గడియారం చూసుకుంటూ కూర్చుంది. మద్రాసు వరకూ పాపను ఒళ్లో ఎలా పడుకోబెట్టుకోవాలా అని ఆలోచిస్తున్నాను. ఆ తరవాతి గుడ్డ నడుమ, తడిలోనే, పలచగా గులాబీ రంగు విచ్చుకుంది. పసుపుకు వచ్చిన ఇటుక రంగు కాదు. అక్కడి నుంచి వచ్చినదంతా నర్సమ్మ గుడ్డల నుంచి సీసాలోకి పిండింది. డాక్టరమ్మ తను ముందే కలిపి పెట్టుకున్న రంగునీళ్ల సీసాల పక్కన దాన్ని పెట్టి పోల్చింది.

"ఆలస్యంగా వచ్చింది, తక్కువగా వచ్చింది" అంది. "దారి సన్నబడింది కానీ మూసుకుపోలేదు. ఇప్పుడు కత్తి పెట్టించను. నెలకోసారి తీసుకురండి. పాప వాంతులు మొదలుపెట్టినా, చూపు నిలపకపోయినా ఆ రోజే బయల్దేరండి."

"మీ పాపే అయితే ఆగుతారా?" అని అడిగాను.

ఆవిడ చప్పున జవాబు చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. సీసాకు బిరడా పెట్టి, చేతులు తుడుచుకుని, "ఆగుతాను. కానీ భయపడుతూనే ఆగుతాను" అంది.

బస్సు దగ్గర మా ఆయన, డాక్టరమ్మ ఏమందని అడిగారు. ఆగమందని చెప్పాను. నాకు నమ్మకం కుదిరిందా అని అడిగారు. నేను పాపను ఎత్తుకుని బస్సెక్కాను. వెనక సీట్లలో కుదుపు ఎక్కువ. ముందు సీట్లో కూర్చున్న పెద్దాయనను కొంచెం లేవమని అడిగి, పాప తల నా మోచేతి వంపులో కదలకుండా పెట్టుకుని కూర్చున్నాను.