ఖాళీ స్టేషన్‌లో అక్క గొంతు

సుబేదారి సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉండగా, చనిపోయిన మా అక్క రేడియోలో పాడింది.

పొద్దున ఆఫీసుల వేళ. పక్క సీట్లో అక్క కూతురు. ఆమెను మడికొండలో ఉద్యోగం దగ్గర దింపడానికి వెళుతున్నాను. రేడియో ఏ స్టేషనూ లేని చోట బుసకొడుతోంది. ఆ బుసలోంచి మొదట రాట్నం తిరిగే చప్పుడు, దాని మీద ఒక ఆడమనిషి గొంతు వచ్చాయి. పాట అప్పటికే చివరికొచ్చింది.

"ఎవలామె మామా, పాడుతాంది?" అని అడిగింది మేనకోడలు.

పాట ఆగింది. "ఇగ చాలు బావా, బంద్ చెయ్యి. పోగు తెగింది" అన్నది ఆ గొంతు. వెనకే ఒక మగమనిషి నవ్వు. ఆ నవ్వు వినగానే కోడలి చెయ్యి వెళ్లి రేడియో మీద పడింది. అది వాళ్ల నాన్న నవ్వు. నాన్న నవ్వుతుంటే పక్కన పాడింది ఎవరై ఉంటారో అప్పుడు ఊహించుకుంది. అమ్మ గొంతును మాత్రం ఆమె గుర్తుపట్టలేదు. అక్క పోయేనాటికి ఆమెకు మూడేళ్లు నిండలేదు.

తర్వాత ఏదో కొత్త సినిమా పాట మొదలైంది. పచ్చలైటు పడింది. పాట సన్నబడి, మళ్లీ బుస మిగిలింది.

ఇందులో మాయ ఏమీ లేదు. మా బావ జంపఖానాలు నేసేవాడు. ఆయన దగ్గర ఒక ఫోను ఉండేది. అందులో పాట పెట్టి, కారు రేడియోను ఖాళీ చోటికి తిప్పితే, తీగ లేకుండానే పాట కారులో మోగేది. ఫోనే చిన్న రేడియో స్టేషన్. అలాంటివి కొన్నాళ్లే వచ్చాయి, తర్వాత ఎవరూ వాటి ఊసెత్తలేదు. దాని బలం నాలుగు బారల దూరం దాటదు. అందుకే సిగ్నల్ దగ్గర పక్క బండివాళ్ల రేడియోలో మన పాట దూరేది. "ఇననీ తియ్, మనదేం పోతాంది" అనేవాడు బావ.

అక్క రాట్నం మీద నూలు కండెలు చుడుతూ కూనిరాగాలు తీసేది. ఒకరోజు బావ ఆ ఫోను మగ్గం మీద పెట్టి, ఆమెకు చెప్పకుండా రికార్డు మొదలుపెట్టాడు; పాట చివర్లో గాని ఆమె చూడలేదు. మరుసటి ఏడాదే ఆమె పోయింది. బావ మాట్లాడుకోవడానికి వేరే ఫోను కొనుక్కొని, దీంట్లోంచి సిమ్ము తీసేసి, చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు. ఆ పాటను మరో ఫోనులోకి ఎక్కిద్దామని నేను అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఆ షాపోళ్ల చేతికిస్తే ఉన్నది గూడ పోతది" అనేవాడు.

ఆదివారాలు ఇద్దరం నా కారులో హసన్‌పర్తి చెరువు దాకా వెళ్లేవాళ్లం. దారి పొడుగునా అదే పాట. ఇంట్లో కూతురి ముందు మాత్రం దాన్ని ఎప్పుడూ పెట్టలేదు. దాని కోసమే వస్తాడని తెలిసి నేనూ మాట్లాడేవాణ్ని కాను. ఒక చోట చాయ్ కోసం ఆగేవాళ్లం. నేను స్టీరింగ్ దగ్గరే ఉండేవాణ్ని. బావ దిగి హోటల్ వైపు నడుస్తుంటే, జేబులోని ఫోనుతోపాటు అక్క గొంతు కూడా దూరమయ్యేది. మొదట గరగర, తర్వాత బుస. చాయ్ పట్టుకొని ఆయన తిరిగి వస్తుంటే ఆమె కూడా వచ్చేది. ఆ రెండు మూడు నిమిషాలు నాకు అలవాటు కాలేదు.

నాలుగేళ్ల కింద బావ గుండె ఆగి పోయాడు. మా ఇళ్లలో పోయినవాళ్ల బట్టలు దినాల్లో చాకలికి ఇచ్చేస్తారు. ఇచ్చేముందు జేబులు వెతకరు. వెతికితే పోయిన మనిషి చెయ్యి పట్టుకొని ఆపినట్టని మా పెద్దమ్మ అనేది. మూట వెళ్లిపోయిన మూడో రోజు, అమ్మ పాట విందామని కోడలు ఆ ఫోను అడిగింది. అల్మారా, మగ్గం గుంట, సజ్జ అన్నీ చూశాం. ఆ తర్వాత అందరికీ ఒకేసారి చొక్కా జ్ఞాపకం వచ్చింది.

చాకలాయన ఇంటికి పరుగెత్తాను. అప్పటికే ఆ మూటను పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమెకు వేసేశాడు. జేబులు చూశావా అని అడిగితే నొచ్చుకున్నాడు.

"పోయినోళ్ల జేబుల చెయ్యి వెట్టొద్దని మా నాయిన చెప్పిండు సార్."

వాళ్లూ మేమూ ఒకే పద్ధతి పాటించాం. గిన్నెలామె మళ్లీ ఆ వాడకు రాలేదు. అప్పటి నుంచి నా కారు రేడియో ఆ ఖాళీ చోటే ఉంటోంది. ఎందుకని కోడలు ఎప్పుడూ అడగలేదు.

ఆ పొద్దున సిగ్నల్ దగ్గర మా ముందు ఒక తెల్ల కారు, ఎడమ పక్కన ఆటో, వెనక కాలేజీ బస్సు. ఫోను వీటిల్లో దేంట్లోనో ఉండాలి. తెల్ల కారును కాజీపేట చౌరస్తా దాకా వెంబడించి ఆపి, ఆ పాట గురించి అడిగాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, "మా దాంట్ల రేడియోనే పనిచెయ్యది పెద్దాయనా" అన్నాడు. ఆటో అప్పటికే గల్లీల్లోకి మళ్లింది. బస్సు ఎటు పోయిందో చూడలేదు.

మడికొండ దగ్గరపడుతుండగా కోడలు అన్నది: "నాలుగేండ్లాయె. ఆ ఫోను దొరికినాయన తన పాటలల్ల అమ్మ పాట గూడ ఉంచుకున్నడు. ఎందుకు తీసెయ్యలేదో మామా?"

ఇప్పుడు రోజూ ఆ సిగ్నల్ మీదుగానే వెళుతున్నాం. పచ్చలైటు పడ్డా ఒక్క క్షణం ఆగి, వెనకవాళ్లు హారన్ కొట్టాక కదులుతాను. రేడియోలో బుస తప్ప ఏమీ రావడం లేదు. ఆ ఫోను ఎవరి జేబులో ఉందో తెలియదు. వాళ్ల అమ్మ పాట ఎట్లా మొదలవుతుందో కోడలు ఇంకా వినలేదు.