మిషను మింగిన మాట

మా పిన్ని చెవులతో చదువుతుంది. ఫోనును కుట్టుమిషను బల్ల మీద గుండీల డబ్బాకు ఆనించి, చొక్కాలు కుడుతూనే నవలలు వినేస్తుంది. ఆ పాత మిషను మోతకు వీధి తలుపు బాదినా వినపడదు. అది చదవడమే కాదని నేను, కళ్ళు పాడుచేసుకోవడం గొప్పేమీ కాదని తను. ఈ తగువు మాకు కాలక్షేపం.

ఈసారి ఇద్దరం ఒకే నవల పట్టుకున్నాం. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన భర్త కోసం ఎదురుచూసే ఆవిడ కథ. మా బాబాయీ అలాగే వెళ్ళాడు. కోర్టు విడాకులిచ్చినా పిన్ని మనసు ఇవ్వలేదు. ఈమధ్య గుండీల కొట్టాయన, భార్య పోయిన నెమ్మదస్తుడు, పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు. పిన్నికీ ఆయనంటే ఇష్టమే. ఆయన వచ్చి వెళ్ళిన రోజు చొక్కా చేతులు ఒక వంకరగా, కాలరు ఒక వంకరగా కుడుతుంది.

ఆఖరి పేజీ ముగించి పిన్ని దగ్గరికి పరిగెత్తాను.

"నిన్న ఆయనకి వద్దని చెప్పేశానే," అంది మిషను ఆపి, నేను కూర్చోకముందే.

"ఎందుకు పిన్నీ?"

"కథ చదివి కూడా అడుగుతావేంటి? అన్నేళ్ళకి తలుపు తీస్తే మొగుడే కదా! రేపు మీ బాబాయీ వస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పుస్తకం తెరిచి ఆఖరి వాక్యం చూపించాను. "గుమ్మంలో నిలబడింది ఆమె భర్త కాదు."

పిన్ని ఆ చివరి మాటను వేలితో గట్టిగా రుద్దింది. అది చెరగలేదు. మిషను ముట్టకుండా, ఫోనులో ఆ వాక్యం మళ్ళీ పెట్టింది. గుమ్మంలో నిలబడింది ఆమె భర్త, అని చదివినాయన కాస్త ఆగి, గొంతు తగ్గించి, కాదు అన్నాడు.

"నిన్న ఈ మాట లేదే!" అని అరిచింది. మొహం తెల్లగా పాలిపోయింది.

"ఉంది. నీ మిషను మింగేసింది."

ఒక్క మాట వినపడక ఇంత మంచి మనిషిని పోగొట్టుకుందే అని ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "అసలు ఆయనతో ఏమన్నావు?"

"తలెత్తలేక కుడుతూనే చెప్పాను. 'నాకు ఇష్టం లేదండీ' అన్నాను."

"ఆయనేమన్నాడు?"

"అదే నాకూ అర్థం కాలేదు. మొహం వెలిగిపోయింది. 'ఆదివారం మా అక్కను తీసుకొస్తా' అని వెళ్ళాడు."

ఇద్దరం ఒక్కసారే మిషను వైపు చూశాం. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"ఆయనకేమీ చెప్పకే," అంది. "ఆయన విన్నదే నేనన్నది."