మందారం మీద అయిదు చుక్కలు

ఆగలేక నెట్ సెంటర్‌కి వచ్చి మరీ రాస్తున్నాను! మల్కాపురంలో మా ఇంటి ముందున్న మందార మొగ్గ మీద నిన్న సాయంత్రం సమాన దూరంలో అయిదు ఇంకు చుక్కలు పెట్టాను. రేకు ఎలా పెరుగుతుందో బళ్ళో పిల్లలకి చూపిద్దామని. పొద్దున్న లేచేసరికి పువ్వు మాయం!

ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో పక్కింటి అప్పలనర్సమ్మ పిన్ని ఆ పువ్వు పట్టుకుని తనే వచ్చింది.

"టీచరమ్మా, నీ సెట్టుకి తెగులొచ్చినట్టుంది సూడు! దేవుడికి పెడదామంటే పువ్వు మీద సుక్కలున్నాయి."

రోజూ మా పూలు కోసేదెవరో తెలిసినందుకు కోపం రావాలి. నేను మాత్రం ఎగిరి గంతేశాను. చుక్కలు దూరం దూరంగా జరిగాయి, అదీ కొసవైపే ఎక్కువ!

"తెగులు కాదు పిన్నీ! మొగ్గలోని కణాలే రాత్రంతా నీళ్ళు తాగి ఉబ్బాయి. అవి ఎక్కడ ఎక్కువ సాగితే రేకు అక్కడ వెడల్పవుతుంది" అన్నాను. పిన్ని నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

సాయంత్రం బడి నుంచి వచ్చి చూస్తే, రేపు పూసే మొగ్గ మీద వరుసగా అయిదు చుక్కలు. ఇంకు కాదు, కాటుక!

ఇప్పుడు మీరే చెప్పండి, రేపటి పువ్వు ఎవరిది?