దాచమని ఇచ్చిన పాస్‌పోర్టు

మొన్న ఆదివారం మా అక్క మనవరాలు గద్వాలకు వచ్చి, శిక్షణ కోసం జర్మనీలో ఉండబోయే రెండు నెలలకు తాను మాట్లాడుకున్న గదిని ఫోన్‌లో చూపించింది. ఆ గదిలో అసలు అద్దెకుండే అమ్మాయి సెలవులకు ఊరెళ్తూ కొన్నాళ్లకు దీనికి ఇస్తోందట. ఇంటి యజమానికి ఈ సంగతి తెలుసునని ఆయన చేతనే రాయించుకుందట, ఫోన్‌లోనే గదంతా తిప్పి చూపించమందట, ఒప్పందం మీద తన పేరు పడందే అడుగు పెట్టనని ఖరాఖండిగా చెప్పిందట. మేమంతా దాని తెలివికి మురిసిపోతుంటే, పక్కన కుర్చీలో కూర్చున్న మా బావ, అంటే అక్క భర్త, ఒక్క మాట అడిగాడు. “పాస్‌పోర్టు ఎవ్వల చేతికీ ఇయ్యవు గద, బిడ్డా?” ఇవ్వను తాతా అని పిల్ల నవ్వేసింది. నేను మాత్రం అక్కడ కూర్చోలేక లేచి పెరట్లోకి వెళ్లిపోయాను.

మా ఈడు వాళ్లలో దుబాయి చూసొచ్చిన వారికి ఇదంతా చెప్పనక్కర్లేదు. మా మగ్గం చీరలకు గిరాకీ పడిపోయిన రోజుల్లో నేను ముందు వెళ్లి ఒక లాండ్రీలో కుదురుకున్నాను, తర్వాత నిండు నెలల అక్కను మా అమ్మ దగ్గర వదిలి బావ కూడా వచ్చాడు. కంపెనీ క్వార్టర్లు మరమ్మతులో ఉన్నాయి, అవి అయ్యేదాకా మీ తిప్పలు మీరు పడండన్నారు. అలా మన తెలుగామె ఒకామె ఇంట్లో, చెక్క పలక అడ్డం పెట్టి విడదీసిన ఒక మూల మాకు దొరికింది. ఆమె వంటింట్లో జొన్నరొట్టె తట్టే చప్పుడు వినబడగానే మా బావకు సగం గద్వాల కనబడింది. నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలన్న మాటను మేము తిరగేసి, రొట్టె మంచిదైతే మనిషి మంచిదే అనుకున్నాం.

మా మగ్గాల ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. రాజోలి నుంచో మరో ఊరి నుంచో పనికొచ్చి మా ఇంట్లో దిగిన నేతగాడు, కాళ్లు కడుక్కోగానే తన దగ్గర విలువైనది ఏదుంటే దాన్ని తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టేవాడు. వెండి మొలతాడు కావచ్చు, పెళ్లాం ముక్కుపుడక కావచ్చు, అమ్మ దాన్ని జొన్నల కుండలో దాచేది. తన దగ్గరే ఉంచుకుంటే అన్నం పెట్టే ఇంటిని శంకించినట్టు లెక్క. బావ ఆ మర్యాదే పాటించాడు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికే “జర దాచి పెట్టక్కా” అని తన పాస్‌పోర్టు ఆమె చేతికి ఇచ్చేశాడు, ఆమె దాన్ని ఇనప బీరువాలో పెట్టేసింది. నేనక్కడ ఉన్నా వద్దనేవాణ్ణి కాదు. నాది మాత్రం వీసా పొడిగింపుకని కంపెనీ ఆఫీసులో ఉండిపోయింది.

ఒకనాటి పొద్దున మేమిద్దరం రాత్రి డ్యూటీ దిగి వస్తుండగా, మా వీధి చివర మలయాళీ కొట్టుకు మా నాన్న ఫోను వచ్చింది. “ఆడపిల్ల పుట్టింది గని అక్కకు బాగలేదు, కర్నూలు దవాఖానల ఉన్నది, కండ్లు తలుపు దిక్కే పెట్టింది, ఇద్దరు జల్ది రాండ్రి” అన్నాడు. పరుగున గదికి వస్తే తలుపుకు కొత్త తాళం. ఆ ఇల్లు ఆమెది కాదట, ఆమే అద్దెకుండేదట, ఇలా ఇంకొకరికి ఇచ్చుకోవడానికి యజమాని ఏనాడూ ఒప్పుకోలేదట. సంగతి బయటపడి ఖాళీ చేయమనేసరికి ఉన్నవన్నీ మూటగట్టుకుని వెళ్లిపోయింది. యజమాని మనిషిని బతిమాలి లోపలికి వెళ్లి చూస్తే బీరువా ఖాళీ. కావాలనే పట్టుకుపోయిందో, తన సామానుతో కలిసిపోయిందో, నాకు ఈ రోజుకీ తెలియదు. తిట్టుకుందామన్నా ఆ రొట్టె రుచి అడ్డమొస్తుంది.

ఫిర్యాదుకు పోలీసుల దగ్గరికి వెళ్తే, నువ్వు ఆ ఇంట్లో ఉన్నట్టు రుజువేదీ అని బావను అడిగారు. యజమాని ఈ మనిషిని నేనెన్నడూ చూడలేదన్నాడు, అది నిజమే. ఏ కాగితం మీదా పేరు లేకుండా ఒకరి ఇంట్లో ఉండటమంటే అక్కడ లేనట్టేనని మాకు అప్పుడు తెలిసింది. కొత్త కాగితాలు పుట్టి చేతికి రావడానికి వారాలు పడుతుందన్నారు. అక్కకు అన్ని రోజులు లేవు.

కంపెనీ వాళ్లు జాలిపడి నా పాస్‌పోర్టు నాకిచ్చారు. విమానాశ్రయం బయట బావ నా చొక్కా బొత్తాం సరిచేస్తూ, “నువ్వు పోరా. నేను ఎనకాలె ఒస్తున్న అని చెప్పు, ఆగుతది” అన్నాడు. ఆగలేదు. నేను చేరేసరికి అక్కను గద్వాలకు తెచ్చేశారు. వాకిట్లో అందరూ నా వెనక ఇంకొక మనిషి కోసం చూశారు. బావ తల్లి నా భుజాలు పట్టుకుని ఊపేస్తూ “నా కొడుకేడిరా” అని అరిచిన అరుపు తలచుకుంటే ఇప్పటికీ నా గుండె చెరువవుతుంది. భర్త చేయవలసినవన్నీ నా చేతుల మీదుగా జరిపించారు.

బావ వచ్చేనాటికి కర్మలన్నీ అయిపోయాయి. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ఖాళీ మగ్గం గుంతలో కాళ్లు వేలాడదీసుకుని కూర్చున్నాడు, ఏడవలేదు. చీకటి పడే వేళ నన్ను పిలిచి, “మీ అక్క మొఖం ఎట్లుండెరా?” అని అడిగాడు. నిద్రపోయినట్టే ఉండె బావా అన్నాను. అప్పుడు ఏడ్చాడు.

ఇప్పుడు ఎవరు ఎంత దూరాన ఉన్నా చివరి చూపు ఫోన్‌లోనైనా దక్కుతోంది. అద్దె గదిలో అడుగు పెట్టేముందు ఏమేం అడగాలో ఇంత పిల్లకు కూడా తెలుసు. మంచిదే, మా మర్యాద మాతోనే పోవాలి. బావ మాత్రం ఏడాదికోసారైనా అక్క మొఖం ఎట్లుండెనని అడుగుతాడు, నిద్రపోయినట్టే ఉండెనని నేను చెబుతాను. ఆ చివరి చూపు చూసిన కళ్లు మా ఇద్దరికీ కలిపి నావే. అన్నేళ్లుగా చెప్పీ చెప్పీ నా దగ్గర ఇప్పుడు ఆ మాటే మిగిలింది, అక్క ముఖం గుర్తు రావడం లేదు. ఆ సంగతి బావకు చెప్పలేదు.