తలుపు ఉన్న చోటి ఇటుకలు

వీధిలో అందరూ ఆమెను కుట్టుపెద్దమ్మ అంటారు. ఆమె ఉండేది సగం ఇంట్లో. మామగారి తాత ఇటుకల బట్టీ నడిపిన మనిషి. అమ్ముడుపోని ఇటుకలన్నీ పోగేసి ఈ ఇల్లు కట్టాడట. అందుకే ఒక ఇటుక ఎర్రగా, పక్కది మాడి నల్లగా, ఇంకోటి కాస్త వంకరగా ఉంటాయి. కొన్నిటి మీద, పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో పట్టుకున్న వేలిముద్రలు ఇంకా ఉన్నాయి. గోడలు మూరెడు మందం. ఎండను రానివ్వవు, మాటనూ పోనివ్వవు.

అన్నదమ్ములు వాటాలు వేసుకున్నప్పుడు మెట్లు పెద్దవాడైన ఆమె భర్తకి వచ్చాయి, మేడగది చిన్నవాడికి పోయింది. పెద్దమ్మ మెట్లెక్కితే పైన గోడ తగులుతుంది. అటుపక్క తోడికోడలు తన మేడగదికి నిచ్చెన వేసుకుని ఎక్కాలి. తగువు పడ్డ అన్నదమ్ములిద్దరూ పోయారు. తగువు మాత్రం నిక్షేపంగా ఉంది. నడిమిగదిలో కమాను కింద ఉన్న తలుపు పీకించి, ఆ ఖాళీలో మిగిలిన పాత ఇటుకలే కట్టించి ముప్పై ఏళ్ళయింది.

ఆ మూసిన చోటే పెద్దమ్మ కుట్టుమిషను ఉంటుంది. కిటికీ వెలుతురు పడేది అక్కడే. పొద్దున కూర్చుంటే చిరుగులు, జిప్పులు, పొడవు తగ్గించాల్సిన ప్యాంట్లు. మధ్యాహ్నం అయ్యేసరికి అటునుంచి సన్నగా దగ్గు వినిపిస్తుంది. అది వినిపించాకే ఆమె లేచి కంచం పెట్టుకుంటుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు గనక?

ఈ మధ్య కుడుతుంటే గుడ్డల మీద ఎర్రటి పొడి రాలుతోంది. ఎదురింటి పంతులమ్మ, బాగుకిచ్చిన చొక్కా దులుపుతూ, "మావారి తెల్లచొక్కాకి కారం చల్లావేంటి పెద్దమ్మా?" అంది. అప్పుడు తలెత్తి చూస్తే గోడలో చీలిక. సరిగ్గా పాత తలుపు ఆకారంలో, చుట్టూ గీత గీసినట్టు. ఇల్లు కూలుతుందనుకుంది. ఆనాడు కట్టిన మేస్త్రీకే కబురు పెట్టింది.

ముసలి మేస్త్రీకి చూపు మందగించింది. వేలి కణుపుతో ఇటుకల మీద కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ఇది ఇల్లు కూలడం కాదు తల్లీ. ఇన్నాళ్ళు ఇది నిలబడ్డమే వింత."

"అదేంటి మేస్త్రీగారూ?"

"సున్నం పెట్టలా. ఉత్త మట్టి. పాత గోడతో అల్లనూ లేదు, ఒంటివరసగా ఊరికే పేర్చా. పదిరోజుల్లో కోపాలు చల్లారి తియ్యమంటారు కదా, గట్టిగా కట్టడం ఎందుకనుకున్నా."

"మాకు చెప్పలేదే" అంది పెద్దమ్మ.

"మీరు పిలవందే నేనెలా వస్తా?" అన్నాడాయన. "నీ మిషను అదురుకి మట్టి రాలుతోంది. రేపు పొద్దున్నే సిమెంటుతో వస్తా. బిగించమంటే బిగిస్తా, తియ్యమంటే ఒక్క పూటలో తీస్తా. తియ్యాలంటే మాత్రం అటావిడ కూడా ఊ అనాలి. గోడకి రెండు మొహాలుంటాయి."

ఆయన వెళ్ళాక పెద్దమ్మ చెప్పులేసుకుంది. అటువాళ్ళ గుమ్మం పదకొండు అడుగులు. నాలుగో అడుగులో పంతులమ్మ ఎదురై, "ఎక్కడికి పెద్దమ్మా?" అంది. "ఊరికే, గాలికి" అని వెనక్కి వచ్చేసింది.

మిషను ముందు కూర్చుంది గానీ కాలు ఆడలేదు. సిమెంటు పెడితే పొడి రాలదు. దగ్గూ వినిపించదు. అప్పుడు అన్నం ఎన్నింటికి తినాలి?

కత్తెర మొనతో మట్టి గీకింది. ఇటుక పాలపన్నులా ఊడి చేతికొచ్చింది. లోపల ఏదో బీరువా వెనక చెక్క అడ్డంగా ఉంది. చెయ్యి పెట్టి రెండుసార్లు తట్టింది.

"మిషనెందుకు ఆగింది?" అటునుంచి గొంతు. ముసలిదైపోయిన గొంతు.

ముప్పై ఏళ్ళుగా సానబెట్టి ఉంచుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "దారం తెగింది" అంది పెద్దమ్మ.

"ఎక్కించుకో మరి. ఆ చప్పుడు లేకపోతే నాకు కునుకు పట్టదు."

"ఇటుక ఊడింది. పెట్టెయ్యనా?"

అటునుంచి దగ్గు మాత్రం వినిపించింది, ఈసారి దగ్గరగా.

పెద్దమ్మ సూదిలో ఉన్న దారాన్ని తెంపి, మళ్ళీ ఎక్కించి, మిషను తొక్కింది.

మర్నాడు మేస్త్రీ సిమెంటు బస్తా దించాడు. "ఏమంది మీ తోడికోడలు?"

"ఊ అనలేదు. ఊహూ అని కూడా అనలేదు. సిమెంటు వద్దు, తియ్యనూ వద్దు. చుట్టూ మళ్ళీ మట్టే మెత్తండి. ఈ ఒక్క ఇటుక చోటు వదిలెయ్యండి."

"ముప్పై ఏళ్ళకి ఒక్కటా? ఈ లెక్కన కమాను బయటపడేసరికి మీరిద్దరూ నూరు దాటతారు."

"దాటనివ్వండి" అంది పెద్దమ్మ. ఊడిన ఇటుకను దులిపి, కత్తిరించే గుడ్డ జారకుండా దాని మీద బరువుగా పెట్టుకుంది. ఇటుక మీద ఎవరిదో వేలిముద్ర ఉంది.