నీరటి మామకు ఎత్తిన చేతులు

మొన్న మా చెల్లెలి మనవరాలు వార్డు మెంబరుగా గెలిచి, సూర్యాపేటలో నేనుంటున్న ఇంటికి మిఠాయి పొట్లంతో వచ్చింది. సిమెంటు రోడ్డు, వీధి దీపాలు, మోరీలు అంటూ తను చేయదలచిన పనులన్నీ ఏకరువు పెట్టి, చివరికి "అమ్మమ్మా, నువ్వు మూడుసార్లు సర్పంచ్‌గ చేస్తివి గదా, అసలు గీ పనిలకు ఎట్లొచ్చినవ్?" అని అడిగింది. ఏదో సరదా ముచ్చట చెబుతాననుకుంది పాపం. నేను మిఠాయి నోట్లో వేసుకుని వీధి దీపాల సంగతి అడిగాను. నా ఈడు వాళ్లకైతే చెప్పగలను.

మాది హుజూర్‌నగర్‌కూ నేరేడుచర్లకూ నడుమ చిన్న ఊరు. సాగర్ కాలువ అప్పటికి ఎవరి కలలోనూ లేదు, ఉన్నదల్లా ఒక్క చెరువు. దాని తూము తెరిచి, మూసి, మడిమడికీ నీళ్లు పారించే నీరటి మా మేనమామ. తాతల నాటి నుంచీ ఆ ఇంటి మీద పడ్డ వెట్టి అది. మా నాన్న పోయాక అమ్మా మేమూ ఆయన పంచనే బతికాం. దొర పొలం తాగి మిగిలిస్తేనే కింది మళ్లకు చుక్క దక్కేది, చివరనున్న మా వాడ మళ్లు ఏటా నెర్రెలిచ్చేవి. అలాంటి రోజుల్లో తూము మూసి వచ్చిన మామ, అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టకుండానే లేచిపోవడం నాకింకా గుర్తే.

తర్వాత దొరల మీద తిరగబడ్డ సంఘం రోజులొచ్చాయి. దొర గడికి తాళం వేసుకుని పట్నం పోయాడు. పట్టపగలు కళ్లంలో ఊరంతా కూడి పెద్దను ఎన్నుకుంది. కాగితాలు లేవు, పెట్టెలు లేవు, పేరు చెప్పడం, చెయ్యెత్తడం. మామ పేరు వచ్చేసరికి, నిన్నమొన్నటి దాకా మమ్మల్ని అరుగు ఎక్కనివ్వని రైతులు కూడా చేతులెత్తారు. దొర హుకుం లేనిచోట ఆయన ఎవరి వైపూ మొగ్గడని అందరికీ తెలుసు. పదేళ్ల దాన్ని, లెక్కలో లేకపోయినా నేనూ ఎత్తాను. మామ చేసిన మొదటి పని నీళ్ల వరుస తిరగేయడం. ముందు చివరి మడి, ఆ తర్వాతే తూము కింది మడి. నీరటి ఊరికి పెద్ద కావడమేమిటని నవ్వినవాళ్లు, ఆ ఏడు వరి పొట్టకొచ్చేసరికి నోరు మూసుకున్నారు.

రజాకార్ల పీడ విరగడైందని ఊపిరి పీల్చుకున్న రోజుల్లోనే వాళ్లను తరిమిన కొత్త సర్కారు సిపాయిలు లారీల్లో దిగారు. వాళ్లను చూసి మేం భయపడలేదు, అదే మా తప్పు. రజాకార్లు వచ్చినప్పుడల్లా జొన్నచేలల్లో పడి పరుగెత్తిన ఊరు, ఈసారి తానే కదిలి కళ్లానికి వచ్చింది. వాళ్ల వెంట ఉన్న దుబాసీ, మీ ఊరికి పెద్దెవరని అడిగాడు. కొత్త సర్కారు మనం ఎన్నుకున్న మనిషికే పెత్తనం ఒప్పజెబుతుందని అనుకున్నాం. వాళ్లు వెతుకుతున్నది సంఘం పెద్దలనేనని మాకేం తెలుసు. మొదట చెయ్యెత్తింది ఎవరో తెలియదని నేను చాలా ఏళ్లు అబద్ధం చెప్పాను. ఎత్తింది నేనే. ఎన్నుకున్న రోజులాగే మామ పేరు చెప్పి, ఆయన వైపు చూస్తూ, గర్వంతో ఎగిరి మరీ ఎత్తాను. నా వెనక ఊరంతా ఎత్తింది.

మామ కూడా మాలాగే నమ్మాడు. తూము దగ్గర్నుంచి నేరుగా వచ్చాడేమో, మోకాళ్ల దాకా బురద. తలగుడ్డ విప్పి కాళ్లు తుడుచుకుని ముందుకు నడిచాడు. చేతులు వెనక్కి విరిచి కట్టేదాకా ఆయన మొహంలో సంబరం పోలేదు. లారీ ఎక్కిస్తుంటే నా వైపు తిరిగి, "బిడ్డా, తూము తెరిచే ఉన్నది. ఆఖరి మడి తడిసినంకనే మూయమని అమ్మకు చెప్పు" అన్నాడు. అమ్మ సాయంత్రం దాకా గట్టు మీదే నిలబడి, చివరి మడి నిండాక తానే నీళ్లలో దిగి మూసింది.

ఆ తర్వాత అమ్మ మిర్యాలగూడ పోయింది, సూర్యాపేట పోయింది, కోదాడ దాకా నడిచింది. ఏ జైల్లోనూ, ఏ క్యాంపులోనూ ఆయన పేరు లేదన్నారు. ఒకచోట గేటు కాడి మనిషి జాలిపడి, "ఇగ తిరగకమ్మా, ఇంటికి పో" అన్నాడట. దాంతోనే అమ్మకు అర్థమైపోయింది. ఊళ్లో మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు, మేమూ ఎవర్నీ అనలేదు, అందరం ఎత్తినవాళ్లమే కదా. దొర తిరిగొచ్చాడు, నీళ్ల వరుస మళ్లీ మొదటికొచ్చింది.

ఎన్నో ఏళ్లకు పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు, ఊరి పెద్దగా ఎవరుంటారంటే మా ఊరు తల దించుకుంది. అప్పుడు నేను నిలబడ్డాను. ధైర్యం ఉండి కాదు. మళ్లీ ఎవర్నైనా లారీ ఎక్కించేదుంటే ఈసారి నన్నే ఎక్కించుకోనీ అనుకున్నాను. గెలిచిన మూడుసార్లూ చివరి మడికి నీళ్ల కోసమే కొట్లాడాను, కాలువ వచ్చాక అధికారులతో మొండిదాన్ని అనిపించుకున్నాను.

ఇప్పుడు తెర చాటున ముద్ర వేసి వస్తున్నాం, ఎవరు ఎవరికి వేశారో పక్కవాడికి తెలియదు. పెద్దరికం కోసం జనం పోటీలు పడుతున్నారు, భయం పోయింది, సంతోషమే. ఆ రోజు లారీ కదిలేదాకా మాలో కొందరు ఏం జరుగుతోందో తెలియక ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచారు. మామ వాటినే చూస్తూ పోయాడు. ఎన్నుకున్నామనుకుంటూ పోయాడో, పట్టించామనుకుంటూ పోయాడో, ఇన్నేళ్లయినా నాకు తెలియదు.