బల్ల దగ్గరికి రాని బసమ్మ

నెలకోసారి చర్చిలో ప్రభువు బల్ల పెట్టే ఆదివారం, బల్లమీది తెల్లగుడ్డ తీయగానే బసమ్మ లేచి గుడి బయటికి వెళ్లిపోయేది. చాపమీది ఆడవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చేవాళ్లు. రొట్టె, ద్రాక్షరసం అందరికీ అందాక, చివరి పాట వినిపించినప్పుడు కొంగు తలమీద కప్పుకుని మళ్లీ వచ్చి గోడవారగా కూర్చునేది. ఆదోని పేటలో అందరికీ ఇది అలవాటైపోయింది. అలవాటైనా నోళ్లు ఊరుకుంటాయా? పాస్టరుతో ఏదో పడలేదని కొందరు, మిల్లు మేస్త్రీతో ఏదో ఉందని కొందరు. ఆమె మొగుడు లక్ష్మప్ప పత్తి యార్డులో బోరాలు మోసే మనిషి. మగవాళ్ల వైపు కూర్చుని తలొంచుకుని అన్నీ వినేవాడు. ఎందుకు లేచిపోతావని ఇంటికెళ్లి ఒక్కసారీ అడగలేదు.

కారణం తెలిసింది మిల్లులో ఆమెతో పనిచేసిన హజరా బీ ఒక్కదానికే.

డెబ్భైల మొదట్లో సంగతి. ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు వింటూ పెరిగిన బసమ్మ, పెళ్లయి ఆదోని వచ్చి హజరా బీతో పాటు, పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లులో చేరింది. పత్తి సీజను మొదలైతే పొద్దు పొడవకముందే మిషను ముందు నిలబడి పత్తి అందించాలి. పాలు తాగే బిడ్డలను షెడ్డు వెనక పాతచీర ఊయలల్లో వేసేవాళ్లు. బిడ్డ ఏడ్చిందని తల్లి మాటిమాటికీ లేస్తే మేస్త్రీ ఆ చోట ఇంకొకరిని నిలబెట్టేవాడు. అందుకని తల్లులందరూ చేసే పనే బసమ్మా చేసేది. ఆవగింజంత నల్లమందు పాలలో అరగదీసి, వేలితో బిడ్డ నాలుకకు రాసేది. సాయంత్రానికి మత్తు వదిలి బిడ్డ లేచేది. వాళ్ల తల్లులూ వాళ్లను అట్లాగే పెంచారు. తప్పని ఎవరికీ తోచలేదు.

ఒక రోజు బసమ్మ కూతురు, నెలల బిడ్డ ఎస్తేరుకు జలుబు చేసి ఎగపోస్తూ ఉంది. పొద్దున రాసిన మందు చాలక మధ్యాహ్నం దగ్గి దగ్గి ఏడ్చింది. బసమ్మ పరుగున పోయి ఇంకొంచెం రాసి, పరుగున మిషను దగ్గరికి వచ్చింది. సాయంత్రం ఆమె కంటే ముందు ఊయల దగ్గరికి వెళ్లిన హజరా బీ లోపలికి చెయ్యి పెట్టి చూసి, వెనక్కి తిరగకుండానే, "బసమ్మా, నువ్వు రావద్దు. ఆడనే ఉండు," అన్నది.

బిడ్డ జ్వరంతో పోయిందని చెప్పుకున్నారు. జ్వరమనుకునే పాస్టరు ప్రార్థన చేశాడు, లక్ష్మప్ప మట్టి కప్పాడు. ఆ తర్వాత ఆ ఇంట మళ్లీ ఊయల కట్టలేదు.

తగనివాళ్లు రొట్టె తింటే తమ మీదికి తీర్పు తెచ్చుకుంటారని బల్ల ముందు ప్రతిసారీ హెచ్చరించేవాళ్లు. అది తనకే చెబుతున్నారని బసమ్మకు అనిపించేది. మందు రాసిన చెయ్యిని అక్కడ ఎట్లా చాచడం? తక్కిన ఆదివారాలు అందరితోపాటు పాడేది, ప్రార్థించేది. యేసు ప్రభువు ఉన్నాడనే నమ్మేది. తనకు మాత్రం లేడనుకునేది.

ఎనభైలు వచ్చేసరికి దూది నుసి రొమ్ములో చేరి, నాలుగడుగులకే ఆయాసం వచ్చి, మిల్లు మానుకుంది. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే ప్రకాశమ్మ అనే ముసలి విధవ అప్పుడప్పుడు వచ్చి కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. చింతాకు దూసిపెట్టి, రెండు మాటలు ప్రార్థన చేసి పోయేది. ఒక మధ్యాహ్నం బసమ్మే అడిగింది.

"అమ్మా, సొంత బిడ్డను సంపినోళ్లకు ఆ పైలోకంలో తావుంటాదా?"

ప్రకాశమ్మ చేతిలో కొమ్మ ఆగిపోయింది. బసమ్మ దగ్గు మధ్య అంతా చెప్పింది. ఓదార్చడానికి ముసలామె తొందరపడలేదు. కొమ్మను పక్కన పెట్టి అన్నది:

"తప్పు కాదని నేను సెప్పనమ్మా. సెప్పినా నువ్వు నమ్మవు. కానీ ఆ బల్ల ఎవురికోసం ఏసినారనుకున్నావు? కడుపు నిండినోళ్లకా? తగినోళ్లే రావాలంటే ఆడ పాస్టరయ్య గూడా నిలబడడు. నీ పాపం మోసుకోని ఆయన సచ్చినాడు. నువ్వింకా మోస్తాండావంటే, ఆయన మోసింది సాల్లేదంటాండావు."

బసమ్మ నిర్ఘాంతపోయింది. ఇన్నేళ్లూ తనను తాను తగ్గించుకుంటున్నాననుకుందే గాని, ఆయన్ని తగ్గిస్తున్నానని తోచలేదు. పోతూ పోతూ ప్రకాశమ్మ, ఇంట్లో మనిషికి కూడా చెప్పుకొమ్మంది.

లక్ష్మప్ప కూడు తింటున్నప్పుడు చెప్పింది. అతను ముద్దను కంచంలో పెట్టేశాడు.

"మా యమ్మ నాకూ ఆ మందు పెట్టింది," అన్నాడు. "నేను బతికినా. అది బతకలే."

ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచి సమాధుల దొడ్డికి పోయి, దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. మళ్లీ వాళ్ల మధ్య ఆ మాట రాలేదు. కానీ బల్ల ఆదివారం నాడు, ఎప్పుడూ ముందు నడిచిపోయే మనిషి, ఆమె ఆయాసానికి ఆగినచోటల్లా తానూ ఆగుతూ గుడిదాకా పక్కనే వచ్చాడు.

తెల్లగుడ్డ తీశారు. ఆడవాళ్లు అలవాటు కొద్దీ కాళ్లు ముడుచుకున్నారు. బసమ్మ లేవలేదు. సంఘపెద్ద కూడా అలవాటు కొద్దీ ఆమెను దాటి పక్కామెకు పళ్లెం వంచాడు. బసమ్మ చాచిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"అయ్యా, నాకు," అన్నది బసమ్మ.

ఆయన వెనక్కి తిరిగి ఆమె చేతినీ, ముఖాన్నీ చూసి పళ్లెం పెట్టాడు. బసమ్మ తునక నోట్లో వేసుకుని, దగ్గుతూనే నమిలి మింగింది. పక్కామె వీపు రాసింది. మగవాళ్ల వైపునుంచి ఎవరో గట్టిగా వెక్కిన చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత బసమ్మ ఎక్కువ కాలం లేదు. పత్తి సీజనుకు మళ్లీ మిల్లులు తెరిచేలోపే మంచం పట్టింది. గంజి కాచి తెచ్చిన హజరా బీ, మంచం పట్టెమీద కూర్చుని మెల్లగా అడిగింది.

"ఏమ్మే, బయమైతాందా?"

"బయం లేదక్కా. నన్ను రానిస్తాడు. అది ఖాయం." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఎస్తేరు ముందర ఎట్ల నిలబడేదా అని, అదొక్కటే."

హజరా బీ గంజి గిన్నె కింద పెట్టింది. బసమ్మ పాదాలు చల్లగా తగిలితే, దుప్పటి లాగి కప్పింది.